నేలపట్టు, పులికాట్‌లకు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళాలంటే

నెల్లూరు నుంచి చెన్నై వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తూ నాయుడుపేట దాటిన తరువాత, సూళ్ళూరుపేట ఇంకా రాకముందే, దొరవారిసత్రం వస్తుంది. ఆ ఊరికి దగ్గరలోనే, రహదారి మీద పోయేవారి కంట పడకుండా, నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడికి దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సూళ్ళూరుపేట, ఆ ఊరికి తూర్పున పులికాట్ సరస్సు ఉన్నాయి. రెండింటినీ 1976లోనే అభయారణ్యాలుగా ప్రకటించారు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ చోట్లు 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చాయి.

చాలా కుటుంబాలు ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే చూసి వెనుదిరుగుతాయి, లేదా రెండింటినీ మూడు గంటల్లో చుట్టేసి, పక్షులు మరీ దూరంగా ఉన్నాయని నిరాశపడి ఇంటికి చేరుకుంటాయి. ఒక రోజంతా కేటాయించి, ఉదయాన్ని నేలపట్టుకూ సాయంత్రాన్ని పులికాట్‌కూ ఇస్తే తప్ప ఈ ప్రాంతం అర్థం కాదని నా అభిప్రాయం. పిల్లల పుస్తకాల్లో పెలికాన్ అని కనిపించే గూడబాతు నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూడు కట్టి పిల్లలను పెంచుతుంది. ఆ పిల్లల ఆకలి తీర్చే చేపలను పులికాట్ నుంచీ, చుట్టుపక్కల చెరువుల నుంచీ తెస్తుంది. ఒక చోట గూడు, మరో చోట తిండి. ఈ రాకపోకలను చూడగలిగితేనే ప్రయాణం నిండుగా ఉంటుంది.

మా ఇంటి పిల్లలను మొదటిసారి తీసుకువెళ్ళినప్పుడు వారికి నేను ఒక్కటే మాట చెప్పాను. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చూడడానికి వెళ్ళినప్పుడు మనం గొంతు తగ్గించి మాట్లాడుతాం, బాలింత ఉన్న గదిలోకి దూసుకుపోము, నిద్రపోతున్న పసిబిడ్డను తట్టి లేపము. నేలపట్టు గూడబాతులకు అలాంటి పుట్టిల్లు అని చెప్పాను. ఆ తరువాత వారికి నియమాలు వల్లెవేయించవలసిన అవసరం రాలేదు.

ఏ నెలలో వెళ్ళాలి

ఈ తీరానికి పెద్ద వానలు నైరుతి రుతుపవనాలతో కాక ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. ఆ వానలకు నేలపట్టు చెరువు నిండుతుంది. చెరువులో ఉన్న నీటి కడప చెట్లు నెలల తరబడి మొదళ్ళు నీటిలో మునిగి ఉన్నా చావవు. వాటి చుట్టూ నీరు నిలిచినప్పుడే గూడబాతులకు ఆ కొమ్మల మీద భరోసా కలుగుతుంది, ఎందుకంటే నేల మీద తిరిగే జంతువులు గూళ్ళ దగ్గరకు సులువుగా చేరలేవు. అందువల్ల వానలు సరిగా పడని ఏడాదిలో పక్షులు తక్కువగా వస్తాయి, ఆలస్యంగానూ వస్తాయి. క్యాలెండరు చూసి కాకుండా చెరువును బట్టి తేదీ నిర్ణయించుకోవాలి. బయలుదేరడానికి వారం ముందు అటవీ శాఖ వారిని గానీ, దొరవారిసత్రం వైపు తెలిసినవారిని గానీ చెరువులో నీరు ఎంత ఉంది, గూళ్ళలో పిల్లలు కనిపిస్తున్నాయా అని అడిగితే చాలు. ప్రవేశ వేళలనూ అప్పుడే కనుక్కోవచ్చు.

కుటుంబంతో వెళ్ళేవారికి డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఉన్న రెండు నెలలు అన్నింటికన్నా మంచివి. అక్టోబరు, నవంబరు నెలల్లో పక్షులు జతకట్టి పుల్లలు ఏరుకోవడం చూడవచ్చు గానీ, తుపాను వాయుగుండాల రోజులు కావడంతో చిన్నపిల్లలతో ప్రయాణం నమ్మకంగా పెట్టుకోలేము. మార్చి గడిచేసరికి ఎదిగిన పిల్లలు ఎగిరిపోతాయి, ఎండలు ముదురుతాయి, పులికాట్ ఉత్తర భాగంలో నీరు ఇంకిపోయి ఉప్పు తేలిన నేల బయటపడుతుంది. మేము ఒకసారి ఏప్రిల్ నెలలో, వేసవి సెలవులు దగ్గరపడ్డాయన్న ఒకే కారణంతో వెళ్ళి, ఖాళీ చెట్లను చూసి వచ్చాము.

పులికాట్‌లో మేసే పొడవు కాళ్ళ గులాబీ రంగు పక్షి పేరుతో, సూళ్ళూరుపేట కేంద్రంగా 2001 నుంచి ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. ఆ రోజుల్లో ప్రదర్శనలు, పోటీలు, పడవ షికార్లు ఉంటాయి, పిల్లలకు సందడిగా ఉంటుంది. అయితే పక్షులను నిదానంగా చూడాలనుకునేవారు ఆ తేదీలు తప్పించి, సంక్రాంతి సెలవులనూ తప్పించి, వీలైతే వారం మధ్యలో వెళ్ళడం మేలు. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజున పులికాట్ మీదుగా వెళ్ళే రోడ్డు వాహనాలతో నిండిపోతుంది, రాకపోకల మీద ఆంక్షలు కూడా ఉండవచ్చు. ఇస్రో ప్రకటించే ప్రయోగ తేదీలను ముందే చూసుకోవాలి.

ప్రయాణానికి సిద్ధం కావడం

ఉదయం ఆరున్నరకల్లా నేలపట్టు దగ్గర ఉండాలంటే ముందు రోజు రాత్రే సూళ్ళూరుపేటలో గానీ నాయుడుపేటలో గానీ బస చేయడం మంచిది. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవారికి ఇది తప్పనిసరి. నెల్లూరు, తిరుపతి, చెన్నైల నుంచి సొంత వాహనంలో వచ్చేవారు తెల్లవారుజామున బయలుదేరి చేరుకోగలరు. సూళ్ళూరుపేట గూడూరు, చెన్నై మధ్య రైలు మార్గంలోనే ఉంది కనుక రైలులో వచ్చి, అక్కడి నుంచి రోజంతటికీ ఆటో గానీ కారు గానీ మాట్లాడుకోవచ్చు. డ్రైవరుతో బేరం కుదుర్చుకునేటప్పుడే రెండు సంగతులు స్పష్టంగా చెప్పాలి: ఒక్కో చోట రెండు గంటలకు పైగా ఆగుతామని, పక్షుల దగ్గర హారన్ కొట్టకూడదని. ఒకసారి మా వాహనం నడిపినాయన మమ్మల్ని తొందరగా రమ్మని గట్టిగా హారన్ మోగించడంతో ఒడ్డున ఉన్న కొంగల గుంపు అంతా లేచిపోయింది. తప్పు ఆయనదని నేను అనను. ముందే చెప్పకపోవడం నాదే పొరపాటు.

బట్టలు ఆకుపచ్చ, గోధుమ, బూడిద వంటి మెత్తని రంగుల్లో ఉంటే చాలు, ప్రత్యేకంగా కొనవలసిన పని లేదు. గూళ్ళున్న చెట్ల దగ్గర రెట్టలు పడుతుంటాయి కనుక అందరికీ టోపీ గానీ తలగుడ్డ గానీ ఉండాలి. నిండు చేతుల చొక్కా, కాళ్ళు పూర్తిగా కప్పే బూట్లు, దోమల మందు తీసుకోవాలి. చెరువు చుట్టూ ఉన్నది పొదల అడవి, పాములు తిరిగే చోటు, కాబట్టి పిల్లలు దారి వదిలి పొదల్లోకి వెళ్ళకూడదు. ఉబ్బసం ఉన్నవారు తమ మందును జేబులోనే ఉంచుకోవాలి, ఎందుకంటే వందల పక్షులు నెలల తరబడి కాపురం ఉన్న చోట రెట్టల వాసన ఘాటుగా ఉంటుంది.

డబ్బు ఖర్చు పెట్టదగిన వస్తువు ఒక్కటే ఉంది, అది బైనాక్యులర్. పిల్లలకు ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించేది సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ చూపించేది చేతిలో కదిలిపోతూ పిల్లలకు చిరాకు తెప్పిస్తుంది. ముందు రోజు ఇంటి మేడ మీద కాకిని చూస్తూ దాన్ని సరిచేసుకోవడం నేర్పాలి. ముందు మామూలు కంటితో పక్షిని చూసి, చూపు మరల్చకుండా బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరకు తెచ్చుకోవడం అలవాటైతే అసలు చోట సమయం వృథా కాదు.

నేలపట్టులో ఉదయం

సుమారు 459 హెక్టార్ల ఈ అభయారణ్యంలో మనం చూడవలసినదంతా చెరువు కట్ట చుట్టూనే ఉంటుంది. కట్ట మీద నడుచుకుంటూ వెళ్తే ఒక వైపు నీటిలో నిలిచిన చెట్లు, వాటి పైకొమ్మల్లో తెల్లగా మూటలు కట్టినట్టు గూడబాతులు కనిపిస్తాయి. వాచ్ టవర్లు ఉన్నాయి గానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వాటిని ఎక్కవలసిన పని లేదు. కట్ట మీద నుంచే గూళ్ళు బాగా కనిపిస్తాయి. మా అమ్మ కోసం మడిచే చిన్న కుర్చీ ఒకటి తీసుకువెళ్ళాము. మాలో అందరికన్నా ఎక్కువ చూసింది ఆమే, ఎందుకంటే ఆమె ఒక్కతే ఒక చోట గంటసేపు కదలకుండా కూర్చుంది.

ఈ విషయం మీద కొంచెం వివరంగా చెప్పాలి. కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, కనిపించిన పక్షులన్నింటి పేర్లూ రాసుకుంటే పిల్లలకు గుర్తుండేది ఏమీ ఉండదు. దానికి బదులు ఒక్కొక్కరికి ఒక గూటిని అప్పగించాలి. ఇది నీ గూడు, అరగంటలో ఇక్కడ ఏం జరుగుతుందో నాకు చెప్పాలి అని చెప్పి వదిలేయాలి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగడం లేదని గొణుగుతారు. తరువాత తల్లి గానీ తండ్రి గానీ బరువుగా కొమ్మ మీద వాలుతుంది, పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ అరుస్తాయి, ఆ పిల్లలు పెద్ద పక్షి నోరు తెరిపించి, గొంతు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటాయి. దాన్ని ఒకసారి చూసిన పిల్లవాడికి గూడబాతు అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. గూటిలో గుడ్లు ఉన్నప్పుడు తల్లీ తండ్రీ వంతులవారీగా దాదాపు నెల రోజులు పొదుగుతాయి, పిల్లలు ఎగరడానికి ఆ తరువాత మరికొన్ని నెలలు పడుతుంది. తొమ్మిది గంటల తరువాత ఎండ కాస్త వేడెక్కగానే, గూడబాతులు రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఆకాశంలోకి లేస్తాయి. అంత బరువైన పక్షి వేడి గాలి ఎత్తుకుంటేనే శ్రమ లేకుండా దూరం పోగలదు. ఎనిమిదిన్నరకే బయటికి వచ్చేసినవారు ఈ దృశ్యాన్ని పోగొట్టుకుంటారు.

గూడబాతులతోపాటు అదే చెట్ల మీద వేరే కాపురాలు కూడా ఉంటాయి. నత్తగుల్ల కొంగను దాని ముక్కును చూసి గుర్తుపట్టాలి. రెండు దవడల మధ్య సందు ఉంటుంది, పక్షి నోరు మూసినా ఆ సందు మూసుకోదు, నత్తలను పట్టి తినడానికి అమరిన ముక్కు అది. తెల్ల కంకణానికి ఒళ్ళంతా తెలుపు, తల, మెడ మాత్రం నలుపు, ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది. నల్లగా చిన్నగా ఉండి, కొమ్మ మీద రెండు రెక్కలూ ఆరేసినట్టు చాచి కూర్చునేది నీటికాకి. మునిగి చేపలు పట్టే ఆ పక్షి ఈకలు తడుస్తాయి కనుక ఎండలో ఆరబెట్టుకుంటుంది. ఆకుల గుబురులో ముడుచుకుని నిద్రపోతున్నట్టు కనిపించేది రాత్రి కొంగ, దాని వేట ఎక్కువగా చీకటి పడ్డాకనే. మొదటి ప్రయాణానికి ఈ అయిదు పక్షులు చాలు. నీటి మీద బాతులు, నుదుటి మీద తెల్లని నామం ఉన్న నల్లని నామాల కోళ్ళు కూడా కనిపిస్తాయి, వాటిని మరోసారికి ఉంచవచ్చు.

కొన్ని జాగ్రత్తలు గట్టిగా పాటించాలి. చప్పట్లు కొట్టి, రాయి విసిరి పక్షులు ఎగిరే ఫొటో తీయాలని చూడడం ఇక్కడ చేయగలిగిన అతి పెద్ద తప్పు: పెద్ద పక్షి గూడు వదిలి లేచిన కాసేపట్లోనే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకులు, గద్దలు పొంచి ఉంటాయి. ఫోన్‌లో పక్షి కూతలు మోగించకూడదు, ఫ్లాష్ వాడకూడదు, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయకూడదు. గూటి నుంచి జారిపడిన పిల్ల కనిపిస్తే జాలితో చేతిలోకి తీసుకోకుండా అక్కడి అటవీ సిబ్బందికి చూపించాలి. గూళ్ళను, గుడ్లను కదిలించడం, పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, రాలిపడిన ఈకను కూడా అక్కడే వదిలివేయడం మంచిది. తినుబండారాల పొట్లాలను కట్ట మీద విప్పకుండా వాహనం దగ్గరకు వచ్చి తిని, చెత్తను సంచిలో వేసుకుని వెనక్కి తీసుకుపోవాలి. తెల్లవారుజామున ఇడ్లీలో, పులిహోరో కట్టుకుని వెళ్ళడం తప్పనిసరి, లోపల హోటళ్ళు ఉండవు.

ఊరి రైతులు కనిపిస్తే రెండు నిమిషాలు ఆగి పలకరించండి. ఈ చెరువు నీరు పొలాలకు పారుతుంది. రెట్టలు కలిసిన ఆ నీరే పైరుకు ఎరువని ఇక్కడివారు చెబుతారు. అభయారణ్యమని బోర్డు పెట్టకముందు నుంచీ ఈ పక్షులను తరిమివేయకుండా ఉండనిచ్చింది ఈ ఊళ్ళే. దగ్గరలోని వెదురుపట్టులో పెయింటెడ్ స్టార్క్ అనే రంగురంగుల కొంగలు ఊరి మధ్యలోని చింతచెట్ల మీదనే గూళ్ళు పెడతాయి. సమయం ఉంటే అక్కడికీ వెళ్ళవచ్చు, కాని అది ఇళ్ళ మధ్య ఉన్న చోటు. ఇంటివారిని అడిగిన తరువాతే వారి వాకిట్లో నిలబడాలి.

మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడు వరకు పక్షులను చూడడానికి ప్రయత్నించకండి. సూళ్ళూరుపేటలో భోజనం చేసి, పసిపిల్లలను, పెద్దవాళ్ళను ఒక గంట పడుకోనివ్వాలి. కాళంగి నది ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి వెళ్ళాలనుకునేవారికి ఈ సమయం సరిపోతుంది.

పులికాట్ రోడ్డు మీద సాయంత్రం

మన దేశంలో ఒడిశాలోని చిలికా సరస్సు తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. బంగాళాఖాతానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగా ఉంది. సూళ్ళూరుపేట నుంచి ఆ దీవికి వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ దాదాపు తిన్నగా తూర్పుకు సాగుతుంది. పడవ ఎక్కకుండానే నీటి మధ్యకు వెళ్ళగలగడం వృద్ధులున్న కుటుంబాలకు పెద్ద సౌకర్యం.

ఈ రోడ్డు మీద ఏ వైపు చూడాలన్నది ముఖ్యం. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి ఉంటాడు, కాబట్టి దక్షిణాన ఉన్న పక్షులు వెలుగుకు ఎదురుగా నల్లని నీడల్లా కనిపిస్తాయి, ఉత్తరాన ఉన్నవి మాత్రం అసలు రంగులో కనిపిస్తాయి. శ్రీహరికోట వైపు వెళ్తున్నప్పుడు ఉత్తరం మన ఎడమ చేతి వైపు ఉంటుంది, వాహనం ఆపుకునేదీ ఎడమ వైపే, కాబట్టి పిల్లలు రోడ్డు దాటవలసిన అవసరం కూడా రాదు. ఇది శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రమైన షార్‌కు బస్సులు వేగంగా తిరిగే దారి కనుక, అంచు వెడల్పుగా ఉన్న చోటనే ఆపి, పిల్లలను వాహనానికి సరస్సు వైపునే దింపి, పెద్దవారిలో ఒకరు వారి పక్కనే నిలబడాలి. దారిలో అటకానితిప్ప దగ్గర ఆగే వీలుంది. దీవి మొదట్లో ఉన్న తనిఖీ కేంద్రం దాటి లోపలికి అనుమతి లేకుండా వెళ్ళలేరు.

ఫ్లెమింగోలు దూరం నుంచి నీటి మీద లేత గులాబీ గీతలా కనిపిస్తాయి. దిగి ఒడ్డుకు నడిచి దగ్గరవుదామని చూస్తే గుంపు అంతా జరుగుతూ జరుగుతూ వెళ్ళిపోతుంది. వాహనం పక్కనే నిలబడి చూస్తే మేత ఆపదు. వాటి తలను గమనించమని పిల్లలకు చెప్పండి. ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, బురద నీటిని లోపలికి లాగి, జల్లెడ పట్టినట్టు వడగట్టి సన్నని జీవాలను, నాచును తింటాయి. ఆ తిండిలోని రంగే ఈకలకు గులాబీ ఛాయను ఇస్తుంది, అందుకే గుంపులో బూడిద రంగులో ఉన్నవి వేరే జాతి కావు, ఇంకా రంగు పట్టని పిల్లలు. కాలు ఎంత వరకు మునిగిందో చూసి అక్కడ నీరు ఎంత లోతు ఉందో లెక్క కట్టమంటే పిల్లలు ఉత్సాహంగా చెబుతారు; ఈ సరస్సులో చాలా చోట్ల పెద్దవారి నడుము లోతు కూడా ఉండదు. నీరు అంత తక్కువ లోతులో ఉండబట్టే పొడవు కాళ్ళ పక్షులకు ఇక్కడ ఇంత మేత అందుతుంది.

పడవ ఎక్కాలని పిల్లలు పట్టుబడితే తడ దగ్గరి భీములవారిపాలెం వెళ్ళాలి. దానికి వేరే పూట కేటాయించడం మంచిది, ప్రాణరక్షక జాకెట్ ఇవ్వని పడవను మాత్రం ఎక్కకూడదు. అక్కడి జాలరులకు సరస్సే జీవనాధారం, కాబట్టి ఎండుతున్న వలల మీద నడవకండి, అడగకుండా వారి ఫొటోలు తీయకండి.

అయిదు గంటల వేళకు వాహనాన్ని సూళ్ళూరుపేట వైపు తిప్పే ముందు ఒక్కసారి ఆగి, వాయవ్య దిక్కున ఆకాశాన్ని చూడండి. ఉదయం గుండ్రంగా తిరుగుతూ లేచిన గూడబాతులు ఇప్పుడు వరుస కట్టి, రెక్కలు నెమ్మదిగా ఆడిస్తూ నేలపట్టు వైపు తిరిగిపోతూ కనిపించవచ్చు. పొద్దున ఒక గూటిని అప్పగించుకున్న పిల్లవాడు అది ఏ గూటికి వెళ్తోందని అడుగుతాడు.